మా ఇంగ్లీషు మాస్టరు పదకొండుసార్లు రాసిన మాట

కార్డు నా చేతికి వచ్చేటప్పటికే ఆయనను మట్టి చేసి నాలుగు రోజులైంది. రాసింది కమలాపురంలో ఉండే ఆయన అల్లుడు. మూడే వాక్యాలు. మామగారు శుక్రవారం పొద్దున పోయినారు. పాత జ్వరమే తిరగబెట్టింది. మీకు కబురు చేయమని ముందే చెప్పి ఉండినారు. అంతే. పెద్దమనుషులు పోతే పత్రికలవాళ్లు నల్లగీతల మధ్య ఫొటో వేస్తారు. ముప్పై ఏండ్లు ఈ జిల్లా పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషికి అరకార్డు చాలింది. ఆయన చేతికిచ్చి దిద్దమంటే ఆ మూడు వాక్యాల్లో కూడా ఒకటి కొట్టేసి ఉండేవాడు.

ఆయనా నేనూ చాలాకాలం ఒకే హైస్కూల్లో పనిచేశాము. ఆయన ఇంగ్లీషు మాస్టరు, నేను తెలుగు పండితుణ్ణి. ఆయన నన్ను స్వామీ అనేవాడు, నేను ఆయనను సాయిబూ అనేవాణ్ణి. నాకు స్నేహితులు తక్కువ. ఉన్నవాళ్లను నా నోటితోనే పోగొట్టుకున్నాను. ఈయన ఒక్కడు చివరిదాకా మిగిలాడు. అందులో నా గొప్పేమీ లేదు.

పోయిన ఆదివారం ఆ స్కూలు ఉన్న ఊళ్లో ఆయన పాత శిష్యులు సంతాపసభ పెట్టారు. మా అప్పటి హెడ్మాస్టరును కుర్చీతో సహా ఎత్తుకొచ్చి వేదిక మీద పెట్టారు. ఆయనకు ఎనభై దాటాయి. చూపు పోయింది, చెవులు పోయాయి, దొరలిచ్చిన బిరుదు మాత్రం పోలేదు. కరపత్రంలో ఆ బిరుదు అచ్చయిన అక్షరాలు చనిపోయినాయన పేరు అక్షరాలకంటే పెద్దవి. అధ్యక్షత వహించింది ఒక ప్లీడరు, మా పాత విద్యార్థే. తల నుంచి కాళ్ల దాకా ఖద్దరు. రేపు రాబోయే ప్రభుత్వంలో ఏదో ఒక పెద్ద కుర్చీ తనకోసం తుడిచి పెట్టి ఉందని ఆయనకు గట్టి నమ్మకం.

"మా సారు శానా క్వయెట్ మనిషి" అని మొదలుపెట్టాడు ప్లీడరు. "దేశమంతా మండుతా ఉంటే మేము వీధిలోకి దూకినాము. ఆయన మాత్రం తన పాఠమేదో తాను చెప్పుకుంటా ఉండిపోయినారు. ఎవరి జోలికీ పోలేదు. అందరూ జెయిలుకు పోలేరు గదా, అట్లాంటి సాధువులూ ఉండాల. ఇంకో తమాషా చెప్తా వినండి. బజారంతా దద్దరిల్లేటట్టు అరిచినోణ్ణి నేను. నా ఎస్సెల్సీ పుస్తకంలో గూడా నడవడి క్వయెట్ అనే రాసినాడు మా సారు! ఆయనకు ఆ మాట మీద అంత మోజు."

సభ నవ్వింది. చప్పట్లు కొట్టింది. తరువాత హెడ్మాస్టరు చెవిలో ఎవరో అరిచి చెప్పగా ఆయన కూడా రెండు ముక్కలు సెలవిచ్చాడు. "నా హయాములో అతనివల్ల నాకు ఏ చిక్కూ కలగలేదు" అన్నాడు. నేను వెనక బెంచీలో కూర్చుని పళ్లు కొరికాను. ఉన్నవి మూడే కాబట్టి ఎవరికీ వినపడలేదు.

బయటికి వస్తూ ఉంటే ప్లీడరు నన్ను చూసి ఆగాడు. "ఏం స్వామీ, మీరూ రెండు మాటలు మాట్లాడాల్సింది. మీరిద్దరూ జంట గదా" అన్నాడు.

"గొంతు బాగలేదప్పా" అన్నాను.

గొంతు బాగానే ఉంది. నేను లేచి చెప్పి ఉంటే ఆ నవ్వు ఆ హాల్లోనే చచ్చిపోయేది. ఎందుకు చెప్పలేదో చివరిదాకా చదివేవారికే తెలుస్తుంది. ముందు ఆ ప్లీడరు అంత తేలికగా వాడిన మాట సంగతి చెప్పాలి. అది అతనికి నేర్పింది మా సాయిబే. అతను నేర్చుకున్నది పావు వంతు.

ఆయన ఇంగ్లీషు చెప్పే తీరు నేను మరెక్కడా చూడలేదు. నల్లబల్ల పైమూలలో ఒక మాట రాసేవాడు. ఎప్పుడూ చిన్న మాటే. "పెద్ద మాటలకు నిఘంటువులు ఉండాయి, చిన్న మాటలకే దిక్కు లేదు" అనేవాడు. పిల్లలు ఊరంతా తిరిగి, ఆ మాట ఎక్కడ అతుకుతుందో చూసి, వచ్చి చెప్పాలి. సరిపోతే కింద ఒక గీత గీసేవాడు. సరిపోకపోతే తల అడ్డంగా ఊపేవాడు, అంతే, తిట్టేవాడు కాదు. తెలుగు అర్థం రాసుకోనిచ్చేవాడు మాత్రం కాదు. "మాటకు అర్థం అడగొద్దప్పా. అది ఎవరితో కాపురం చేస్తాందో చూడు" అనేవాడు. నేను చాలా పుస్తకాలు చదివాను. భాష గురించి ఇంతకంటే మంచి మాట వాటిలో నాకు దొరకలేదు.

ఒకసారి బల్ల మూలలో క్వయెట్ అని రాసి ఉంది. అది మూడు వారాలు అక్కడే ఉండిపోయింది. అప్పటికి నాకు పండితుణ్ణన్న పొగరు పచ్చిగా ఉండేది. స్టాఫు గదిలో ఆయనను పట్టుకుని, "దీనికి మూడు వారాలెందుకు సాయిబూ? నిశ్శబ్దం అని చెప్పి చెరిపేస్తే పోదా?" అన్నాను.

"మీ ఇంట్లో ఆవు మధ్యాన్నం నెమరేస్తా ఉంటాది గదా స్వామీ, శబ్దం వస్తాదా రాదా?"

"వస్తాది."

"అయినా అది క్వయెట్టే. మన హెడ్మాస్టరు బెత్తం పట్టుకుని వరండాలో నిలబడితే చీమ చిటుక్కుమనదు. అది క్వయెట్టా?"

నేను నా టీ గ్లాసు కింద పెట్టాను.

"అది భయం స్వామీ. దానికి వేరే మాట ఉండాది" అని సాసర్లోకి టీ వంచుకున్నాడు.

ఒక రోజు తరగతి మొత్తాన్ని జట్కాల దగ్గరికి తోలుకుపోయాడు. వేడుక చూద్దామని నేనూ వెంట పోయాను. ఒక ముసలి జట్కావాడు గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

"ఏమప్పా, నీ గుర్రం తన్నుతాదా?" అని అడిగాడు మా సాయిబు.

"తన్నేదా! పసిబిడ్డ తోక పట్టుకుని ఊగినా ఊరుకుంటాది సారూ. శానా సాధువు."

మాస్టరు పిల్లల వైపు తిరిగి, "క్వయెట్ హార్స్" అన్నాడు.

"ఏం సారూ, గుర్రానికి గూడా ఇంగిలీసు నేర్పిస్తాండారా?" అన్నాడు జట్కావాడు. "ముందు మా అల్లునికి నేర్పించండి. వాడే తన్నేది."

పిల్లలు విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక ఒకడు అడిగాడు. "సార్, అది పరిగెత్తినప్పుడు గూడా క్వయెట్ హార్సేనా?"

"పరిగెత్తనీ, బండి లాగనీ, కొండెక్కనీ, సకిలించనీ. క్వయెట్టే అప్పా. ఎవర్నీ తన్నకపోతే సాలు."

అలా అడిగినవాడే ఈనాటి ప్లీడరు. ఆ సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు.

నేతపనివాళ్ల పిల్లవాడొకడు గుడ్డపేలికలు రెండు తెచ్చాడు, ఒకటి దానిమ్మపండు ఎరుపు, ఒకటి ఎండిన వేపాకు రంగు. మాస్టరు వాటిని పక్కపక్కన పెట్టి, తరగతిని ఒకసారి చూడమని, తరువాత కళ్లు మూసుకోమన్నాడు. "ఏ రంగు ఇంకా అరుస్తా ఉండాది?" అన్నాడు. ఎరుపు, ఎరుపు అని అందరూ కేక వేశారు. "రెండోది క్వయెట్ కలర్" అని గీత గీశాడు. ఇంకోసారి తన చెల్లెలి నిఖా గురించి చెప్పాడు. బాజాలు లేవు, పందిరి లేదు, పదిమంది బంధువులు, తలా ఇంత చక్కెర. దాన్ని క్వయెట్ వెడ్డింగ్ అంటారట. "పెండ్లి అయినట్టు పిల్లకు తెలిసింది, పిల్లోనికి తెలిసింది. ఇంకెవరికి తెలియాల?" అన్నాడు.

ఆ మూడు వారాల్లోనే పత్తి వ్యాపారి టెలిగ్రాం గొడవ జరిగింది. మద్రాసు నుంచి మా ఊరి శెట్టికి తంతి వచ్చింది. అందులో ఉన్నవి రెండే మాటలు, మార్కెట్ క్వయెట్. శెట్టి ఆ కాగితం తీసుకుని నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి పోయాడు. హెడ్మాస్టరు మద్రాసులో చదివినవాడు, తెలుగుకు కూడా కోటు తొడిగి మాట్లాడేవాడు. "మార్కెట్టు ప్రశాంతంగా ఉన్నదయ్యా" అని తర్జుమా చేశాడు. శెట్టి సంతోషపడి బండ్లకు పత్తి ఎత్తిస్తున్నాడు. స్కూలుకు వస్తున్న మా సాయిబు అది చూసి ఆగాడు.

"ఎందుకు శెట్టీ ఎత్తిస్తాండావు? కొనేవాడు లేడని గదా వాళ్లు రాసింది. దించు."

"హెడ్మాస్టరు దొర ప్రశాంతం అన్నాడే!"

"సచ్చినోడు గూడా ప్రశాంతంగానే ఉంటాడు శెట్టీ."

ఈ మాట మధ్యాహ్నానికల్లా బజారంతా తిరిగి, సాయంత్రానికి హెడ్మాస్టరు చెవిన పడింది. ఆ చెవి అప్పుడు బాగానే పనిచేసేది. ఆ రోజు నుంచి ఆయన మా సాయిబును మనసులో ఒక మూలన పెట్టుకున్నాడు.

తరగతిలో సాయిబు గొంతు పెంచగా నేను వినలేదు. పక్కగది నాది. నేను శబ్దాలంకారాలు చెబుతూ గోడలు అదరగొట్టేవాణ్ణి. పిల్లలు గోల చేస్తే ఆయన గొంతు తగ్గించేవాడు. ఇంకా గోల చేస్తే ఇంకా తగ్గించేవాడు. ఏం పోగొట్టుకుంటున్నామో అని పిల్లలే ఒకరి నోరు ఒకరు మూసేవాళ్లు. "అరిచి చెప్పింది చెవి దాకా పోతాది స్వామీ. మెల్లగ చెప్పింది ఇంటి దాకా పోతాది" అనేవాడు. నేనూ ఒకసారి అలా చేసి చూశాను. ఎవడూ వినలేదు, నలుగురు నిద్రపోయారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఖద్దరు కొత్తగా ఊళ్లలోకి వచ్చిన రోజులవి. ఒకనాటి పొద్దున పై తరగతి పిల్లలు పదకొండుమంది పాఠం మధ్యలో లేచి బయటికి నడిచారు. బజారు వీధిలో కేకలు వేసుకుంటూ తిరిగారు. తాలూకా కచేరీ ముందర తమ విదేశీ సీమగుడ్డ టోపీలు కుప్పపోసి కాల్చారు. ఇప్పటి ప్లీడరు వాళ్లకు ముందు నడిచాడు. వాళ్ల నాయన మఖమలు టోపీ కూడా తెచ్చి మంటలో వేసినందుకు సాయంత్రం ఇంట్లో వీపు వాచింది. మరునాడు పదకొండుమందీ బుద్ధిగా బడికి వచ్చారు. కథ అక్కడితో ముగిసేది. కానీ మా హెడ్మాస్టరు బిరుదు కాగితం అప్పుడు పైకచేరీలో నలుగుతూ ఉంది.

ఆ రోజుల్లో ఎస్సెల్సీ పుస్తకమంటే పిల్లవాడి జాతకం. మార్కులు ఒక పక్క, నడవడికి ఒక గడి ఇంకో పక్క. ఆ గడిలో చెడ్డమాట పడితే ఏ కాలేజీ గుమ్మమూ తొక్కనివ్వరు, ఏ కచేరీలోనూ గుమాస్తాగా కూడా తీసుకోరు. గడి నింపవలసింది తరగతి మాస్టరు, అంటే మా సాయిబు. పైన సంతకం హెడ్మాస్టరుది. రాసినదాన్ని దిద్దితే, ఆ తరగతికి పాఠం చెప్పేవాళ్లలో ఒకరు పక్కన సంతకం చేయాలని నియమం. రెండు రోజుల్లో స్కూళ్ల ఇనస్పెక్టరు వస్తాడనగా హెడ్మాస్టరు మా ఇద్దరినీ తన గదికి పిలిపించాడు. బల్ల మీద పదకొండు పుస్తకాలు దొంతరగా ఉన్నాయి.

"ఏమిటిది?" అన్నాడు.

"నడవడి సార్" అన్నాడు మా సాయిబు.

"పదకొండింటిలోనూ ఒకే మాట! బజారున పడి గొంతులు చించుకున్న వెధవలు క్వయెట్టా? కొట్టేయండి. అవిధేయులని రాయండి."

"రెండేండ్లు నా ముందర కూసున్నారు సార్. అరిచింది ఒక్క పూట. రాయి ఎయ్యలేదు, ఎవర్నీ తాకలేదు. కాల్చింది గూడా వాళ్ల టోపీలే. ఆ గడిలో రెండేండ్లు రాయాలనా, ఒక్క పూట రాయాలనా?"

"నాకు పాఠం చెప్పవద్దు. రాస్తారా, రాయరా?"

"రాయను సార్."

సుద్దముక్క కావాలని అడిగేటప్పుడు కూడా ఆయన గొంతు అలాగే ఉండేది. హెడ్మాస్టరు దొంతరను నా వైపు తోశాడు.

"పండితుడుగారూ, మీరూ ఆ తరగతికి చెబుతారు కదా. మీరు దిద్దండి. ఇంగ్లీషు మాట స్పెల్లింగు నేను చెబుతాను, మీరు అక్షరాలు వేస్తే చాలు."

పాతికేండ్లుగా నేను ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. నేను కలం తీసుకున్నాను. సిరాబుడ్డిలో ముంచాను. పైన ఉన్న పుస్తకం తెరిచాను. అది ఇప్పటి ప్లీడరుదే. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం అప్పుడు ఆ హెడ్మాస్టరు సొరుగులోనే ఉంది. ఇంట్లో నలుగురు బిడ్డలు. ఇవి సాకులని నాకు తెలుసు. ఇంతమందిని ఇన్నేండ్లుగా తిట్టిన నోటితో ఈ ఒక్కటి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. కలం కాగితం మీద ఆనబోయే దాకా నేను ఆగలేదు.

నా వేళ్లలోంచి కలం ఎవరో మెల్లగా లాక్కున్నట్టయింది. మా సాయిబు.

"ఈ గడి శానా చిన్నది స్వామీ. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, దీంట్లో పట్టవు" అన్నాడు నవ్వుతూ. కలం ములుకును తన కోటు అంచుకే తుడిచి, బల్ల మీద పెట్టాడు. తరువాత ఇంకా గొంతు తగ్గించి, హెడ్మాస్టరు ముందుకు వంగి వినవలసినంత మెల్లగా చెప్పాడు. "మా స్వామిని వదిలేయండి సార్. ఎల్లుండి ఇనస్పెక్టరు దొర ఈ పుస్తకాలు తెరుస్తాడు. ఒకే స్కూల్లో పదకొండుమంది చెడిపోయినారని చూస్తే ముందుగాల పిల్లోళ్ల పేర్లు అడగడు. హెడ్మాస్టరు ఎవరని అడుగుతాడు."

ముందుకు వంగిన హెడ్మాస్టరు చూపు పుస్తకాల మీదికి మళ్లింది. బిరుదు కాగితం ఆయన కళ్లముందు ఆడినట్టుంది. పుస్తకాలు దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కటీ తెరిచి, పదకొండు సంతకాలు పెట్టాడు. "నా హయాములో అతనివల్ల నాకు ఏ చిక్కూ కలగలేదు" అని పోయిన ఆదివారం అన్నది ఈయనే.

పది రోజులకు బదిలీ ఉత్తరువు వచ్చింది. నల్లమల అంచున ఒక పల్లె, అక్కడొక మిడిల్ స్కూలు. రైలు స్టేషను నుంచి ఒకటిన్నర రోజు బండి ప్రయాణం. వానాకాలం వస్తే ఇంటింటా చలిజ్వరం. కొత్తగా పోయినవాళ్లు తిరిగి రావడమే గొప్ప అనేవాళ్లు. హెడ్మాస్టరు ఆ తరగతికి స్వయంగా పోయి చెప్పాడు. "ఈ గొడవలు పడలేక, ఒక క్వయెట్ ప్లేస్ కావాలని మీ మాస్టరు తానే కోరుకుని వెళుతున్నాడు." పిల్లలు నమ్మారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. విన్నాను. వాచకం చంకలో పెట్టుకుని నా తరగతికి పోయాను.

ఆయన ఊరు విడిచిన రోజు సామాను బండిలో రెండు ట్రంకు పెట్టెలు, ఒక పుస్తకాల గోనె, చాటుగా కూర్చున్న భార్య, ఇద్దరు బిడ్డలు. ఆయనా నేనూ బండి వెనక నడుస్తున్నాము. బజారు మలుపులో ఆ పదకొండుమందీ నిలబడి ఉన్నారు.

"సారు పారిపోతాండాడురో!" అని ఒకడు అరిచాడు. మిగిలినవాళ్లు అందుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం మొదట అరిచినవాడి వైపు చూసి, "గొంతు బాగుండాది. ప్లీడరయితాడు చూడు" అన్నాడు. ఆయన చెప్పింది జరిగింది, మొన్న సభకు అధ్యక్షుడు వాడే.

ఊరు దాటాక ఆగి, "స్వామీ, ఒగ మాట ఇయ్యి. ఆ గదిలో జరిగింది ఆ గదిలోనే ఉండనీ" అన్నాడు.

"ఎందుకు సాయిబూ? నిన్ను చూసి నవ్వుతాండారు ఆ కుంకలు. తెలిస్తే నీ కాళ్ల మీద పడరా?"

"అందుకే చెప్పొద్దనేది. పిల్లోళ్లు. ఇప్పుడిప్పుడే నిలబడేది నేర్చుకుంటాండారు. నా కాళ్ల మీద ఎందుకు పడాల?"

మాట ఇచ్చాను. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఆ మనసు నిజంగా ఎంత పెద్దదో నాకు తెలిసింది పోయిన ఎండాకాలమే.

ఆ అడివి పల్లెలో ఆయన ఆరేండ్లు ఉన్నాడు. మొదటి వానాకాలంలోనే జ్వరం పట్టింది. "ఈడ శానా క్వయెట్‌గా ఉండాది స్వామీ. పులి వచ్చి పోయేది గూడా తెలియదు" అని ఒక ఉత్తరం రాశాడు. జ్వరం సంగతి అందులో లేదు. ఆయన భార్య తరువాత చెబితే తెలిసింది. అక్కడినుంచి వేరే ఊళ్లకు మారాడు, రిటైరయ్యాడు, కమలాపురంలో స్థిరపడ్డాడు. జ్వరం మాత్రం ఏటేటా ఆయన వెంటే వచ్చింది, కార్డులో రాసిన ఆ శుక్రవారం దాకా. హెడ్మాస్టరుకు బిరుదు వచ్చింది. పదకొండుమందిలో ఇద్దరు ప్లీడర్లయ్యారు, ఒకడు డాక్టరు, ఒకడు తహసీల్దారు, మిగతావాళ్లు ఎవరి బతుకు వాళ్లు బతుకుతున్నారు. వాళ్లు కాలేజీ మెట్లెక్కింది, కచేరీల్లో కుర్చీలెక్కింది ఆ చిన్న గడిలోని ఒక్క మాట మీద కాలు మోపి. అది తమాషాగా ఉందట వాళ్లకు.

పోయిన ఎండాకాలం కమలాపురం పోయాను. ఇంటి ముందర ఆయన భార్య నన్ను చూసి ఫిర్యాదుకు దిగింది. "మీరైనా చెప్పండి స్వామీ, ఈ ఒంటితో ఏటికి పోవద్దని. నా మాట వినడు."

"నేనెప్పుడు వినలేదు? నలభై ఏండ్లుగా వింటానే ఉండా" అన్నాడు లోపలినుంచి. "చేసేదే లేదు గానీ."

"చూసినారా?" అంది ఆమె. అయినా చెంబు చేతికిచ్చి పంపింది.

ఎండ తగ్గిన తరువాత ఇద్దరం పాపాఘ్ని ఇసుకలోకి దిగాము. ఏట్లో నీళ్లు లేవు, ఎక్కడ చూసినా తెల్లటి ఇసుక. ఆయన నాలుగడుగులకు ఒకసారి ఆగుతున్నాడు. ఎన్నాళ్లనుంచో గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు బయటపెట్టాను.

"ఇంక నన్ను వదులు సాయిబూ. ఆ రోజు ఇచ్చిన మాట మోసేకి నావల్ల గాదు. ప్లీడరు ఊరూరా మీటింగుల్లో చెప్తాండాడు, మా సారు జంకినాడని. నేను అంతా చెప్పేస్తా."

"చెప్పు" అన్నాడు. "నేనేమన్నా నీ నోరు పట్టుకున్నానా? కాకపోతే చెప్తే అంతా చెప్పాల గదా స్వామీ. కలం సంగతి గూడా."

నా కాళ్లు ఇసుకలో ఆగిపోయాయి.

"నువ్వు చూసినావా?"

"పక్కన నిలబడినోణ్ణి, చూడనా?" అన్నాడు. "నలుగురు బిడ్డల తండ్రివి. ఆ ఊళ్లోనే ఇంకా బతకాల్సినోడివి. పిల్లోళ్లు నా కాళ్ల మీద పడితే పడనీ, అది ఎంతసేపు? నీ ముఖం ఎట్లా చూస్తారో అని నాకు ఇదిగా ఉండె. అందుకే మాట అడిగింది."

పాతికేండ్లు నేను ఆయన రహస్యం కాపాడుతున్నానని మురిసిపోయాను. ఊళ్లోవాళ్లను పిరికివాళ్లని, కృతఘ్నులని తిట్టుకుంటూ తిరిగాను. ఆయన మీద పడిన ఆ నవ్వంతా నా పరువుకు కట్టిన గోడ అని ఒక్కనాడూ అనుకోలేదు. సంతాపసభలో లేచి నిలబడలేకపోయింది ఇందుకే. సగం చెప్పడానికి ఆయన ఒప్పుకోడు, మొత్తం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు మొత్తం రాశాను. ప్లీడరుగారు తమ పుస్తకం ఎక్కడ పెట్టుకున్నారో వెతుక్కోవచ్చు. ఆ పేజీలో ఒక పక్క సిరా చుక్క ఉంటే అది నా కలంలోంచి రాలింది.

ఆ సాయంత్రం ఆయన ఆ సంగతిని అక్కడితో వదిలేశాడు. ఏటి మధ్యకు పోయి, తడి తగిలిన చోట కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడాడు. మోచెయ్యి లోతు పోయేటప్పటికి చెలమలో నీరు ఊరింది. బురదగా ఉంది. చెంబుతో ఎత్తి పక్కన పారబోశాడు. మళ్లీ ఊరింది. మళ్లీ పారబోశాడు. మూడోసారి ఊరిన నీటిని ముట్టుకోకుండా గొంతుక్కూర్చుని చూస్తూ ఉన్నాడు. నేను దాహంతో ఒక అడుగు ముందుకు వేయబోయాను. ఆయన తలెత్తకుండానే, కదలవద్దని నాకు అరచెయ్యి చూపాడు. అంచుల్లోంచి ఇసుకరేణువులు జారి అడుక్కు చేరుతున్నాయి. చెంబు ఆయన మోకాళ్ల మీద బోర్లించి ఉంది.